కొడుకు మాత్రలు, తండ్రి అధికారం

ప్రశ్న (ఉత్తరంలో కొంత భాగం): నాకు 42 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం వరకు తాగుడులో మునిగి ఉన్నవాణ్ణి. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి మళ్లీ ముట్టలేదు. మా అబ్బాయికి 11 ఏళ్లు. వాడికి ఏడో ఏట నుంచి మూర్ఛ ఉంది. నేను వెళ్లే ప్రార్థన గుంపులో, క్రీస్తునందు మనం రాజులైన యాజక సమూహమనీ, రోగం తగ్గాలని మొరపెట్టుకోవడం కాదు, రోగానికే ఆజ్ఞాపించాలనీ నేర్పుతారు. ఐదు నెలల క్రితం ఉపవాసముండి ప్రార్థించి, ఇంటి యాజకుడిగా వాడి మాత్రలు మాన్పించాను. మూర్ఛ రాలేదు. సంఘంలో నిలబడి స్వస్థత సాక్ష్యం చెప్పాను. పోయిన నెలలో బట్టల అలమరలో మాత్రల అట్టలు దొరికాయి. నా భార్య రోజూ రాత్రి నాకు తెలియకుండా వాడికి వేస్తూనే ఉంది. ఎవరితోనూ చెప్పవద్దని వాడితో అన్నదట. కోపంతో వాటిని పారేశాను. మూడో రోజున మూర్ఛ వచ్చి, ఎంతకీ ఆగక, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఇప్పుడు ఇంటికి వచ్చాడు, మాత్రలు మళ్లీ వేస్తున్నాం. నా భార్య అవిశ్వాసమే తలుపు తెరిచిందనీ, ఆమెలోని అవిధేయత ఆత్మను బంధించాలనీ గుంపు నాయకుడు అంటున్నారు. ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. ఇంట్లో నా ఆత్మీయ అధికారాన్ని తిరిగి ఎలా నిలబెట్టుకోవాలి? మాత్రలు వేస్తే విశ్వాసం వదిలేసినట్టేనా? నా సాక్ష్యం అబద్ధమైతే, నేను మారానన్నది కూడా అబద్ధమేనా?

జవాబు: ప్రియ సోదరా, మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో చివరిదే అసలు ప్రశ్న అని నాకనిపిస్తోంది. అయితే దాని దగ్గరకు వెళ్లేముందు ఆలస్యం చేయకూడని మాట ఒకటి ఉంది.

డాక్టరు చెప్పకుండా మీ అబ్బాయికి మాత్రలు ఒక్క పూట కూడా మానవద్దు. మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపుతప్పి చెలరేగకుండా ఆ మందులు పట్టి ఉంచుతాయి. ఆ పట్టు హఠాత్తుగా వదిలితే, ఒకదాని వెంట ఒకటిగా, ఆగని మూర్ఛలు వచ్చి ప్రాణానికే ముప్పు కలగవచ్చు. మీరు పోయిన నెలలో కళ్లారా చూసింది అదే. దానికి మరో తలుపు తెరుచుకోనక్కరలేదు. మాత్రలు మానే రోజు రాదని నేను అనడం లేదు: సాధారణంగా రెండేళ్లపాటు మూర్ఛ లేకుండా గడిచిన పిల్లల్లో చాలామందికి డాక్టర్లే మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించే ప్రయత్నం చేస్తారు. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందువల్ల ఈ వారంలోనే డాక్టరును కలిసి, ఏ నెలలో ఎవరు ఏం చేశారో దాచకుండా చెప్పండి. ఆ ఐదు నెలల నిజం తెలియకపోతే ఆయన మోతాదును తప్పుగా అంచనా వేస్తారు. మళ్లీ మూర్ఛ వస్తే వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, గట్టిగా అదిమి పట్టవద్దు, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ ఐదు నిమిషాలూ ప్రార్థించండి, కాని కళ్లు తెరిచి ప్రార్థించండి.

ఇక మీ భార్య సంగతి. ఈ మాటలు మీకు నొప్పి కలిగిస్తాయని తెలిసే రాస్తున్నాను. మీరు సాక్ష్యం చెప్పిన నెలల్లో మీ అబ్బాయికి మూర్ఛ రాకపోవడానికి ఆమె రాత్రిపూట వేసిన మాత్రే కారణమని అనుకోవడానికి మూడో రోజు జరిగిన సంగతి చాలు. ఆమె మిమ్మల్ని ఎదిరించలేదు, నలుగురిలో నిలబెట్టి మాట్లాడలేదు. బిడ్డ ప్రాణానికీ మీ మాటకూ మధ్య చిక్కుకొని, రెండింటినీ నిలబెట్టే దారి ఏదీ కనిపించక, ఒంటరిగా ఆ భారం మోసింది. సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో అబీగయీలు తన భర్త నాబాలుతో ఏమీ చెప్పకుండానే బయలుదేరి ఇంటివారందరి ప్రాణాలు కాపాడిందనీ, దావీదు ఆమె బుద్ధిని మెచ్చుకొని దీవించాడనీ మీరు చదివే ఉంటారు. (మిమ్మల్ని నాబాలుతో పోల్చడం నా ఉద్దేశం కాదు; నాబాలు సలహా అడుగుతూ ఎవరికీ ఉత్తరం రాసి ఉండడు.) రహస్యం మంచిదని నేను అనను. బిడ్డచేత రహస్యం మోయించడం అసలే మంచిది కాదు. అయితే ఇంట్లో ఒకరు నిజం దాచవలసి వచ్చినప్పుడు, ఆ నిజం చెబితే ఏం జరుగుతుందని వారు భయపడ్డారో ముందుగా అడగాలి. మీరు ఆ మాత్రలను పారేసిన తీరే ఆ ప్రశ్నకు జవాబు.

మీ గుంపులో ఎక్కువగా వాడే వచనాలను మీరు ఉత్తరంలో రాశారు. వాటిని నేను పక్కన పెట్టమనడం లేదు, చివరిదాకా చదవమంటున్నాను. శత్రువు బలమంతటి మీద అధికారం ఇచ్చానని ప్రభువు చెప్పిన మాట లూకా 10:19లో ఉంది. ఆ వెంటనే 20వ వచనంలో, దయ్యాలు మీకు లోబడుతున్నాయని సంతోషించవద్దు, మీ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నాయని సంతోషించండి అంటాడు. అధికారాన్ని ఇచ్చినవాడే, ఆ అధికారం ఇచ్చే ఫలితాల మీద మన సంతోషాన్ని కట్టుకోవద్దని అంటున్నాడు. ఫలితం కనిపించిన రోజున మనం దేవుని పిల్లలమనీ, కనిపించని రోజున కామనీ అనుకునేవారు మొదటి వచనంలో ఆగిపోయినవారే.

మత్తయి 17వ అధ్యాయాన్ని, శిష్యులు బాగుచేయలేకపోయిన కొడుకును ఒక తండ్రి యేసు దగ్గరకు తెచ్చిన సంగతిని, మీరు ప్రత్యేకంగా ప్రస్తావించారు. మన తెలుగు బైబిలు అక్కడ ‘చాంద్రరోగి’ అనే పాత మాట వాడింది. చంద్రుని వల్ల మూర్ఛలు వస్తాయని ప్రాచీనులు అనుకున్న కాలపు మాట అది. మార్కు ఆ పిల్లవాణ్ణి పట్టినది మూగదైన చెవిటి దయ్యమని చెబుతాడు. అయితే అదే మత్తయి 4:24లో దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని వేరువేరుగా లెక్కపెడతాడు. మూర్ఛ ఉన్న ప్రతివారికీ దయ్యం ఉందని సువార్తికుడే అనుకోలేదన్నమాట. మరో సంగతి: అల్పవిశ్వాసం గురించి ఆ రోజు చివాట్లు తిన్నది ఎవరు? పిల్లవాడు కాదు, వాడి తల్లి ఊసే లేదు, తండ్రీ కాదు. ఆజ్ఞాపించి విఫలమైన శిష్యులు. మార్కు చెప్పినట్టు, ఆ తండ్రి అయితే, నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సహాయం చేయమని కేక వేశాడు. సగం నమ్మకం, సగం భయం. ప్రభువు ఆ సగం నమ్మకాన్ని కాదనలేదు. ఇంట్లో ఒకరి సందేహం ఇంకొకరి స్వస్థతను అడ్డుకుందని తీర్పు చెప్పేవారు ఈ తండ్రిని ఏం చేస్తారో నాకు తెలియదు.

మీరు ఇంటి యాజకుడినని రాసుకున్నారు. మంచిదే. లేవీయకాండము 13, 14 అధ్యాయాల్లో యాజకుడు చేసే పని ఏమిటో ఒకసారి చూడండి. కుష్ఠు అనుమానం ఉన్నవాణ్ణి అతడు ఏడు దినాలు వేరుగా ఉంచి, మళ్లీ చూసి, ఇంకా సందేహముంటే మరో ఏడు దినాలు ఆగి, ఆ తర్వాతే శుద్ధుడో కాదో చెబుతాడు. తాను కోరుకున్నది ప్రకటించడం అతని పని కాదు, ఉన్నది పరీక్షించి చెప్పడం అతని పని. యేసు కూడా కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకునికి కనపరచుకోమన్నాడు. తన స్వస్థత పరీక్షకు నిలబడదేమోనన్న భయం ఆయనకు లేదు. మీ అబ్బాయిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లిన రోజున మీరు యాజకత్వం వదులుకున్నట్టు కాదు. అపొస్తలుడైన పౌలు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచివచ్చానని రాశాడు, తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకొని ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు అందుకున్నాడు. వీరందరికీ విశ్వాసం తక్కువైందని మీ నాయకుడు అనగలరా?

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. ఉత్తరంలో ఒకచోట, మీ బంధువులు ఇప్పటికీ మిమ్మల్ని ‘ఆ తాగుబోతు’ అనే పిలుస్తారని ఒక్క ముక్కలో రాసి దాటిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మీరు మారారని మీకు తెలుసు, మీ ఇంటికి తెలుసు, కాని నమ్మని కళ్లు ఇంకా ఉన్నాయి. ఆ కళ్లకు తిరుగులేని రుజువు ఒకటి కావలసి వచ్చింది, ఆ రుజువు మీ కొడుకు శరీరంలో కనిపించాలని మీరు కోరుకున్నారు. బాప్తిస్మం అయిన వెంటనే యేసు విన్న మాట, ఈయనే నా ప్రియ కుమారుడన్నది. అప్పటికి ఆయన ఒక్క అద్భుతం కూడా చేసినట్టు మత్తయి రాయలేదు. ఆ తర్వాత అరణ్యంలో శోధకుడు వచ్చి, ‘నీవు దేవుని కుమారుడవైతే’ ఈ రాళ్లు రొట్టెలయ్యేట్టు ‘ఆజ్ఞాపించుము’ అన్నాడు. ఆ మాట గమనించండి. కుమారత్వాన్ని ఆజ్ఞతో రుజువు చేయమని అడిగినది తండ్రి కాదు. యేసు తర్వాత గాలిని, దయ్యాలను, జ్వరాన్ని గద్దించాడు, అది నిజమే. కాని తానెవరో నిరూపించుకోవడానికి మాత్రం ఆ రోజు నోరు విప్పి ఒక్క రాయిని కూడా ఆజ్ఞాపించలేదు.

యోహాను 1:12లో, ఆయనను అంగీకరించినవారికి దేవుని పిల్లలగుటకు అధికారం ఇచ్చాడని ఉంది. అక్కడి అధికారం ఎవరి మీదా చెలాయించేది కాదు. ఒక ఇంట్లో పిల్లవాడిగా ఉండే హక్కు. ఆ హక్కు మీకు బాప్తిస్మం నాటి నుంచి ఉంది, మూర్ఛ వచ్చిన రాత్రి కూడా ఉంది. మీరు చెప్పిన స్వస్థత సాక్ష్యం పొరపాటు, ఎందుకంటే జరిగినదేమిటో ఆ రోజు మీకు తెలియదు. మీరు తాగడం లేదన్నది మాత్రం నాలుగేళ్లుగా, రోజూ, మీ భార్య కళ్లెదుట జరుగుతున్న సంగతి. ఒకటి తప్పయినంత మాత్రాన రెండోది కూలిపోదు. అయితే ఒక హెచ్చరిక: మీలాంటివారికి అవమానం కలిగిన రోజులే జారిపోయే రోజులు. తాగాలన్న కోరిక తలెత్తితే అర్ధరాత్రైనా ఫోను చేయగలిగిన ఒక మనిషిని ఇప్పుడే చూసుకోండి; ఆ మనిషి మీ గుంపు నాయకుడు కాకపోతే మేలు.

ఇంట్లో అధికారం నిలబెట్టుకోవడం గురించి మీరు అడిగిన తీరుతోనే నాకు పేచీ. వందమంది సైనికుల మీద అధికారి అయిన శతాధిపతి యేసుతో, నేను కూడా అధికారానికి లోబడినవాణ్ణే అన్నాడు. లోబడడం తెలిసినవాడికే అధికారం అంటే ఏమిటో తెలిసింది. యాకోబు 4:7 కూడా ముందు దేవునికి లోబడమని, ఆ తర్వాతే అపవాదిని ఎదిరించమని చెబుతుంది. అన్యజనుల అధికారుల్లాగా ప్రభుత్వం చేయవద్దని, గొప్పవాడు కావాలనుకునేవాడు పరిచారకుడు కావాలని ప్రభువు మార్కు 10వ అధ్యాయంలో చెప్పాడు. పౌలు తనకు ప్రభువు ఇచ్చిన అధికారం కట్టడానికే గాని పడగొట్టడానికి కాదని కొరింథీయులకు రాశాడు. భార్యను అవిధేయత ఆత్మ అని పిలిచి బంధించే ప్రార్థన ఏది కడుతుంది? ఆమెను దయ్యంగా చూడడం మొదలుపెట్టాక, ఆమె చెప్పే ఏ మాటా మీకు మాటగా వినిపించదు. ఆమె భయం వినిపించదు, ఆమె అలసట వినిపించదు. ఆ ప్రార్థన మానండి. నాయకుడికి మర్యాదగానే చెప్పండి, ఈ విషయంలో డాక్టరు మాటా, మీ ఇద్దరి నిర్ణయమూ చెల్లుతాయని. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఆ గుంపును వదిలి, మీ సంఘ కాపరి దగ్గరకు వెళ్లండి. మందు మాన్పించే అధికారం ఏ నాయకుడికీ ఏ వచనమూ ఇవ్వలేదు.

భార్య దగ్గర క్షమాపణ అడిగేటప్పుడు ‘నువ్వు దాచినందుకు నాకు కోపం వచ్చింది’ అని మొదలుపెట్టవద్దు. మీరు చేసినదాన్ని మాత్రమే చెప్పండి: మాత్రలు పారేశాను, బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను. తర్వాత ఆమె ఎంతసేపు మౌనంగా ఉంటే అంతసేపు ఉండనివ్వండి. వెంటనే క్షమించమని వాక్యం చూపించి ఒత్తిడి చేయవద్దు. సంఘంలో చెప్పిన సాక్ష్యాన్ని కాపరితో ముందుగా మాట్లాడి అదే సంఘంలో సరిదిద్దుకోండి, రెండే వాక్యాలు చాలు, భార్య పేరు అందులోకి తేవద్దు. మీ మాట విని మరో తండ్రి తన బిడ్డ మాత్రలు మాన్పించి ఉండవచ్చు, అందుకే ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయవద్దు.

మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఇవేవీ వద్దు. వాడికి 11 ఏళ్లు. అమ్మ రహస్యాన్నీ నాన్న సాక్ష్యాన్నీ కలిపి మోశాడు, తనకు మూర్ఛ రావడం వల్లనే ఇంట్లో గొడవ జరిగిందని అనుకుంటూ ఉంటాడు. తప్పు వాడిది కాదనీ, అమ్మది కాదనీ, మాత్ర వేసుకోవడం దేవునికి ఇష్టం లేని పని కాదనీ మీ నోటితోనే చెప్పండి. ఆ రాత్రి మాత్ర మీ చేత్తో ఇస్తానని మీ భార్యను అడగండి. ఆమె వద్దంటే, నీళ్ల గ్లాసు పట్టుకొని పక్కన నిలబడండి.