ఓడ ఎక్కే ముందు రాత్రి: చివితావెక్యలో హోటల్ స్టార్ల లెక్క

చిరంజీవి చిన్నబాబుకు,

పెద్దమామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. నీవు పంపిన పట్టిక అందింది. మీ అయిదుగురూ జూన్‌లో ఒక గురువారం మధ్యాహ్నం రోము విమానాశ్రయంలో దిగి, మర్నాడు సాయంత్రం చివితావెక్య రేవులో ఓడ ఎక్కబోతున్నారనీ, నడుమ ఉన్న ఆ ఒక్క రాత్రి బసకు ఒక ఫైవ్ స్టార్, రెండు ఫోర్ స్టార్, మూడు త్రీ స్టార్ హోటళ్లు ఎంచిపెట్టుకొని ఏదీ తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. "డబ్బుకు వెనకాడను, అమ్మానాన్నలకు ఇబ్బంది లేకుండా ఎక్కువ స్టార్లున్నది చెప్పండి చాలు" అన్న నీ చివరి వాక్యం చదివాక, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం సరికాదనిపించింది. సరిగ్గా ఆ మాటే అనుకొని నేనూ మీ అత్తయ్యా అదే ఊళ్లో ఒకసారి బోల్తా పడ్డాం.

అప్పుడు మేము తీసుకున్నది ఫోర్ స్టార్. ఆ నాలుగు స్టార్లలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఈతకొలను ఉంది, బార్ ఉంది, గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది, స్నానాల గదిలో తెల్లటి మెత్తని చెప్పులు కూడా పెట్టారు. లేనిదల్లా ఊరు. హోటల్ పట్టణానికి బయట, లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన ఉంది. కాలిబాట లేదు. బుకింగ్ పేజీలో పోర్టుకు నాలుగు కిలోమీటర్లని చూసి, నాలుగు కిలోమీటర్లెంతలే అనుకున్నాం. తీరా తెల్లవారితే ఆదివారం, బస్సు జాడ లేదు. రిసెప్షన్‌లోని కుర్రవాడు పాపం టాక్సీల కోసం ఫోను చేస్తూనే ఉన్నాడు. మీ అత్తయ్య రెండు సూట్‌కేసుల నడుమ గుమ్మంలో కూర్చొని, పిడికి కట్టిన ఓడ ట్యాగును వేళ్లతో తిప్పుతూ గంటకు పైగా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఓడ దొరికింది, అది వేరే సంగతి. తిరిగి వచ్చేటప్పుడు స్టేషనుకు దగ్గరలో ఒక టూ స్టార్‌లో దిగాం. గది చిన్నది, గోడకు బొమ్మ కూడా లేదు. కాని కిందికి దిగితే మందుల దుకాణం, పండ్ల దుకాణం, రైలు, సముద్రం, అన్నీ కాలినడకలోనే ఉన్నాయి. ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది.

కాబట్టి ముందుగా ఈ స్టార్లు ఎవరిస్తారో, దేనికిస్తారో తెలుసుకో. మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న కమిటీ, దరఖాస్తు పెట్టుకున్న హోటళ్లను తనిఖీ చేసి అయిదేళ్లకు గుర్తింపు ఇస్తుంది. పెట్టుకోనివారికి స్టార్లుండవు, అయినా బోర్డు మీద "త్రీ స్టార్ సౌకర్యాలు" అని రాసుకునేవారు మన బజార్లలో కావలసినంత మంది ఉన్నారు. అమెరికాలో ప్రభుత్వం ఇచ్చే స్టార్లంటూ లేవు. ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం డైమండ్లు ఇస్తుంది, ఫోర్బ్స్ ట్రావెల్ గైడ్ తన స్టార్లు తాను ఇస్తుంది, బుకింగ్ సైట్లలో కనిపించే తక్కిన స్టార్లు చాలావరకు ఆ సైట్లు వేసుకున్నవే. ఇటలీలో మాత్రం స్టార్లకు చట్టబలం ఉంది. 2008లో దేశమంతటికీ కనీస ప్రమాణాలు పెట్టుకున్నా, అమలు ప్రాంతీయ ప్రభుత్వాల చేతిలో ఉంటుంది. రోమూ, చివితావెక్యా రెండూ లాత్సియో ప్రాంతం కిందికే వస్తాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వంటి దేశాలు 2009 నుంచి ఉమ్మడిగా నడుపుకుంటున్న స్టార్ల పద్ధతి ఒకటుంది గాని, ఇటలీ అందులో లేదు. అందువల్ల నీవు ఆఫీసు పని మీద మ్యూనిక్ వెళ్లినప్పుడు చూసిన త్రీ స్టార్‌ను మనసులో పెట్టుకొని ఇటలీ త్రీ స్టార్‌ను ఊహించుకోవద్దు.

ఆ ప్రమాణాలు లెక్కపెట్టేవి కంటికి కనిపించే సౌకర్యాలను: గది వైశాల్యం ఎంత, రిసెప్షన్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, దుప్పట్లు వారానికి ఎన్నిసార్లు మారుస్తారు, బార్ ఉందా, లిఫ్ట్ ఉందా వంటివి. రైలు చప్పుడు గదిలోకి వస్తుందా, పరుపు కుంగిందా, మేనేజరు మర్యాదస్థుడా, హోటల్ నుంచి రేవుకు ఎలా పోవాలి అన్నవి ఏ స్టారులోనూ ఉండవు. ఓడ ఎక్కే ముందు రాత్రికి మనకు కావలసింది ఈ చివరి ప్రశ్నకు జవాబే. వారం రోజులు ఒకేచోట ఉండబోయేవాడికి ఈతకొలను ఉపయోగపడుతుంది. సాయంత్రం దిగి పొద్దున వెళ్లిపోయే మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా మర్నాటి నుంచి మీకు ఓడ మీద రెండు మూడు కొలనులు ఎదురుచూస్తుంటాయి.

నీ పట్టికలో ఇంకొక పొరపాటు దొర్లింది, దాన్నిప్పుడే దిద్దుకో. మూడో హోటల్ పక్కన "4.4 స్టార్" అని రాశావు. అది హోటల్ స్థాయి కాదు, అక్కడ బస చేసినవాళ్లు ఫోను మ్యాపులో వేసిన మార్కుల సగటు. అక్కడా స్టారు గుర్తే వాడడం వల్ల మనవాళ్లు చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు. స్థాయి అరలూ పావులూ లేకుండా ఒకటి నుంచి అయిదు దాకా ఉంటుంది, గుమ్మం పక్కన పలక మీద కూడా కనిపిస్తుంది. మార్కులు జనం అభిప్రాయం. నా మటుకు నేను స్థాయిని వడపోతకు మాత్రమే వాడి, తర్వాత మార్కులను, ఆ తర్వాత రివ్యూలను చదువుతాను. రివ్యూలలో కూడా పొగడ్తలు వదిలేసి, మనలాగే ఓడ ఎక్కడానికి వచ్చి ఒక్క రాత్రి ఉన్నవాళ్లు రాసినవి, అందులోనూ గత ఏడాదివి మాత్రమే చూస్తాను. "లగేజి", "లిఫ్ట్", "షటిల్", "స్టేషన్" అన్న మాటలు పెట్టి వెతికితే పది నిమిషాల్లో హోటల్ జాతకం తెలిసిపోతుంది.

లిఫ్ట్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారి మోకాళ్లు నాకు తెలుసు. ఇటలీలో పాత భవనాలు ఎక్కువ. హోటల్ అన్నది ఒక్కోసారి భవనమంతా కాదు, మూడో అంతస్తు మాత్రమే. మేము రోములో ఉన్నచోట లిఫ్ట్ ఉందని పేజీలో ఉంది, ఉన్నమాట నిజమే. వీధి తలుపు తీయగానే ఏడు పాలరాతి మెట్లు, అవి ఎక్కాక ఇనుప జాలీ తలుపు, దాని వెనక ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే నిండిపోయే చెక్కపెట్టె. మేమిద్దరం ఎక్కితే సూట్‌కేసు పట్టదు, సూట్‌కేసు ఎక్కితే ఒకరు కింద ఉండాలి. మీరు అయిదుగురు, నా అంచనాలో ఆరు పెట్టెలు. కనుక "లిఫ్ట్ ఉందా" అని అడగవద్దు. "వీధి నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి" అని అడుగు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన హోటల్ నాకు స్టార్లతో పని లేకుండానే నచ్చుతుంది.

అలాగే గదులు. చట్టం ప్రకారం ఇద్దరు పడుకునే గదికి అక్కడ కనీసం 14 చదరపు మీటర్లు అంటారు. మన లెక్కలో 150 చదరపు అడుగులు. ఫోర్ స్టారైనా మహా అయితే ఇంకొంచెం. హైదరాబాదులో ఫోర్ స్టార్ గది చూసిన కళ్లకు అది ఇరుకుగానే ఉంటుంది. ముగ్గురి గది ఒకటి, ఇద్దరి గది ఒకటి తీసుకో. రెండూ ఒకే అంతస్తులో కావాలని రాయి. చాలా హోటళ్లలో గదిలో కెటిల్ ఉండదు. మీ అమ్మ పొద్దున్నే కాఫీ లేనిదే లేవదు కాబట్టి పొద్దున్నే వేడినీళ్లు ఇస్తారా అని హోటల్‌ను ముందే అడుగు. స్నానాల గదిలో కమోడు పక్కన బిడే, అంటే కడుక్కోవడానికి నీళ్ల కుళాయి ఉన్న చిన్న తొట్టి, దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో ఇటలీ టూ స్టార్ కూడా మనవాళ్లకు ఫైవ్ స్టారే.

ఇప్పుడు అసలు ప్రశ్న, రోములో ఉండాలా, రేవు ఊళ్లో ఉండాలా. ఓడల కంపెనీలు "రోము" అని రాసినా, ఓడ నిలిచేది రోముకు వాయవ్యంగా 70 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న చివితావెక్యలో. నీవు ఎంచిన ఫైవ్ స్టార్ రోములో వియా వెనెతో అనే వీధి పక్కన ఉంది. మంచిదే, కాని పొద్దున్నే టాక్సీలో రోము ప్రధాన రైల్వే స్టేషనైన తెర్మినికి పోయి, అక్కడి నుంచి గంటకు పైగా రైల్లో రావాలి. రోములోనే ఉండాలని మీ ఆవిడ పట్టుబడితే, సాన్ పియెత్రో స్టేషను దగ్గర త్రీ స్టార్ ఏదైనా చూడు. చివితావెక్య వెళ్లే లోకల్ రైళ్లు అక్కడ ఆగుతాయి, వాటికన్‌కు నడిచి వెళ్లవచ్చు, తెర్మిని రద్దీ తప్పుతుంది. అయితే మీ ఓడ శుక్రవారం కదా. ఇటలీలో రైల్వే సమ్మెలు శుక్రవారాలు పెట్టుకోవడం మామూలు. సమ్మె రోజున కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్లు తప్పక నడపాలన్న నియమం ఉంది. పొద్దున ఆరింటికి వృద్ధులనూ చంటివాణ్ణీ లేపి ఆ రైలు పట్టుకోవడం కన్నా, గురువారం సాయంత్రమే రేవు ఊరు చేరడం మేలు. విమానాశ్రయం నుంచి రైలైతే త్రాస్తేవేరె స్టేషనులో మారాలి. అయిదుగురికీ ఆరు పెట్టెలకూ అది వద్దు, ముందే ఒక వ్యాను మాట్లాడుకో.

చివితావెక్యలో "పోర్టుకు 300 మీటర్లు" అన్న మాట చూసి కూడా మురిసిపోకు. ఆ 300 మీటర్లు రేవు గోడకు, అదీ మ్యాపు మీద గీత గీస్తే వచ్చే దూరం. రేవు చాలా పొడుగు. లార్గో దెల్లా పాచె అనే చోటు నుంచి ఓడల దాకా షటిల్ బస్సులు నడుస్తాయి, స్టేషను నుంచి ఆ చోటికి సిటీ బస్సు ఉంది. కాబట్టి హోటల్‌ను కొలవాల్సింది ఓడ నుంచి కాదు, స్టేషను నుంచి. స్టేషనుకూ సముద్రపు ఒడ్డున ఉన్న వియాలె గరిబాల్ది అనే వీధికీ నడుమ ఎక్కడున్నా మీకు అనుకూలమే. సాయంత్రం పిల్లవాణ్ణి తీసుకొని ఒడ్డు వెంబడి నడిస్తే మైకెలాంజెలో పేరు పెట్టిన పాత కోట కనిపిస్తుంది. దాని వెనక మీ ఓడ తెల్లటి మేడలా కనిపించేది మర్నాడే.

ఖర్చు సంగతి ఒకటి. రోములో బస పన్ను స్టార్లను బట్టి ఉంటుంది, బుకింగ్ ధరలో కలవకుండా హోటల్‌లోనే కట్టించుకుంటారు. 2023 అక్టోబరు నుంచి మనిషికి రాత్రికి త్రీ స్టార్‌లో 6 యూరోలు, ఫోర్ స్టార్‌లో 7.50, ఫైవ్ స్టార్‌లో 10. పదేళ్లలోపు పిల్లలకు లేదు కనుక మీకు నలుగురి లెక్క. ఆ ఫైవ్ స్టార్‌లో అయితే ఒక్క రాత్రికి 40 యూరోలు గుమ్మంలోనే పోతాయి.

స్టార్లు లేని బి అండ్ బీలు, అంటే గదీ పొద్దున ఫలహారమూ ఇచ్చే చిన్న బసలు, చివితావెక్యలో చాలా ఉన్నాయి. స్టారు లేకపోవడం తప్పు కాదు, వాటిలో కొన్ని బహు శుభ్రంగా ఉంటాయి. కాని చాలావాటిలో రిసెప్షన్ ఉండదు, తలుపుకు కోడ్ నంబరు పంపి ఊరుకునేవారూ ఉంటారు. మీ విమానం ఆలస్యమై రాత్రి పదింటికి చేరితే, మీ నాన్నగారు వీధిలో పెట్టెల మీద కూర్చోవలసి రావచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు మనిషి ఉండే చోటే చూడు.

నీ పట్టికలో అయిదోది, స్టేషనుకు ఎదురు సందులోని త్రీ స్టార్, నాకు సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తోంది. వీసా దరఖాస్తుకు బస రుజువు ఎలాగూ చూపించాలి కనుక, ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే ధరకే తీసుకో, కొంచెం ఎక్కువైనా సరే. తీసుకునే ముందు హోటల్‌కు నేరుగా ఒక మెయిల్ రాయి: మెట్లు ఎన్ని, రాత్రి ఎన్నింటి దాకా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, పొద్దున ఫలహారం ఎప్పుడు మొదలవుతుంది, గది పదింటికి ఖాళీ చేసినా ఓడ సమయం దాకా పెట్టెలు ఉంచుకుంటారా. వాళ్ల జవాబు వచ్చాక నాకు పంపు. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఆరోదాన్ని చూద్దాం.

మీ అమ్మకూ నాన్నగారికీ మా ఇద్దరి నమస్కారాలు, పిల్లవాడికి ముద్దులు.

ఆశీస్సులతో,
పెద్దమామయ్య