నిషేధం లేకుండానే నాటకశాలకు ముకుతాడు

ప్రశ్న: హంగరీలో విక్టర్ ఓర్బాన్ 2010లో అధికారానికి వచ్చాక నాటకాలను నిషేధించిందీ లేదు, కళాకారులను జైళ్లలో నింపిందీ లేదు. మరి అక్కడి కళారంగం ప్రభుత్వం చెప్పుచేతల్లోకి పోయిందని ఎందుకంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిషేధించాల్సిన పని పడలేదు. డబ్బు ఎవరి చేతుల మీదుగా వస్తుంది, పెత్తనం ఎవరిది అన్నవి మారిస్తే సరిపోయింది.

2009లో వచ్చిన పద్ధతి ప్రకారం కంపెనీలు తాము కట్టాల్సిన పన్నులో కొంత, నచ్చిన నాటక సంస్థకు ఇవ్వవచ్చు. ఆ సంస్థ తన టికెట్ల రాబడిలో 80 శాతానికి మించకుండా ఇలా పుచ్చుకోవచ్చు. జనం వస్తే డబ్బూ వస్తుంది, మంత్రి దయతో పనిలేదు. కొందరు టికెట్ల లెక్కలు పెంచి చూపిన మాట నిజమే. దానికి గట్టి తనిఖీలు పెట్టాలి. ప్రభుత్వం మాత్రం 2019 నుంచి ఆ పద్ధతినే ఎత్తేసింది. దాని బదులు దరఖాస్తు పెట్టుకుంటే మంత్రిత్వశాఖ గ్రాంటు ఇస్తుందంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదేనని మా అభిప్రాయం. వచ్చే ఏడు గ్రాంటు అందుతుందో లేదో తెలియని నాటక సమాజం ఈ ఏడు ఏ నాటకం ఆడాలన్నా వెనకాముందాడుతుంది.

ఇక పెత్తనం. 2020 సెప్టెంబరు 1న బుడాపెస్ట్‌లోని నాటక, సినిమా కళల విశ్వవిద్యాలయాన్ని ఒక ట్రస్టుకు అప్పగించారు. దాని బోర్డుకు అధ్యక్షుడిగా జాతీయ నాటకశాల డైరెక్టరునే ప్రభుత్వం పెట్టింది. బడ్జెట్, నియమావళి అధ్యాపకుల సెనేట్ చేయిదాటిపోయాయి. విద్యార్థులు నిరసనగా ఎరుపు-తెలుపు టేపు కట్టి రెండు నెలలకు పైగా భవనాన్ని వదల్లేదు. ట్రస్టు మాత్రం కదల్లేదు.

ప్రశ్న: పుస్తకాల సంగతి?

జవాబు: స్వలింగ సంబంధాలు కనిపించే పిల్లల పుస్తకాలను విడిగా, కవరు చుట్టి అమ్మాలని 2021లో నిబంధన పెట్టారు. బడికి, చర్చికి 200 మీటర్ల లోపు అసలు అమ్మకూడదన్నారు. 2023లో కవరు చుట్టని ఒక్క బొమ్మల నవల కోసం ఓ పుస్తక దుకాణాల సంస్థకు 1 కోటి 20 లక్షల ఫోరింట్ల జరిమానా పడింది. ఎంత కనిపిస్తే నేరమో తేల్చి చెప్పకపోవడమే ఇలాంటి చట్టాలతో చిక్కు. అనుమానం వచ్చిన ప్రతి పుస్తకానికీ కవరు చుట్టేయడమే దుకాణదారుకు క్షేమం. అదే ఏడాది నవంబరులో ఓ ఫొటో ప్రదర్శనకు 18 ఏళ్ల లోపువారిని రానిచ్చారని జాతీయ మ్యూజియం డైరెక్టరును తీసేశారు. ఆయన పాలకపక్షం మాజీ ఎంపీయే.