క్లేఫేస్ కోసం అభిమానులు ఇంతగా ఎందుకు ఎదురుచూస్తున్నారు?

బ్యాట్‌మన్ కథానాయకుడు కాని సినిమా, అదీ జోకర్ అంత పేరు లేని క్లేఫేస్ అనే విలన్ మీద తీస్తున్న సినిమా 2026లో వస్తోందంటే అభిమానులకు ఇంత ఆత్రుత ఎందుకని, కామిక్స్ చదవనివారు ముందుగా ఏం తెలుసుకుంటే మంచిదని మీరు అడిగారు. చిన్నప్పటి నుంచి ఈ పాత్రను ఇష్టపడుతున్నవాడిగా నా సమాధానం ఇది. జోకర్ తర్వాత, బ్యాట్‌మన్ ప్రమేయం లేకుండానే సొంతంగా నిలబడగల కథ ఉన్న విలన్ ఇతడేనని నేను నమ్ముతాను. ఎందుకంటే ఇది ముఖాన్ని నమ్ముకుని బతికిన ఒక నటుడు ఆ ముఖాన్నే పోగొట్టుకున్న కథ.

నాకు ఈ పాత్ర పరిచయమైంది కామిక్స్ ద్వారా కాదు. అమెరికాలో 1992లో మొదలైన బ్యాట్‌మన్ యానిమేటెడ్ సిరీస్‌లో ‘ఫీట్ ఆఫ్ క్లే’ అనే పేరుతో రెండు భాగాల కథ ఉంది. అది అక్కడ ప్రసారమైన చాలా ఏళ్లకు, బడి నుంచి వచ్చాక కార్టూన్ నెట్‌వర్క్‌లో చూశాను. అందులో మ్యాట్ హేగన్ ఒక పేరున్న నటుడు. కారు ప్రమాదంలో అతని ముఖం ఛిద్రమవుతుంది. రోలండ్ డాగెట్ అనే వ్యాపారి అతనికి ఒక క్రీము ఇస్తాడు. దాన్ని రాసుకుంటే ముఖాన్ని మట్టిముద్దలా తనకు కావలసినట్టు మలుచుకోవచ్చు, కానీ దాని ప్రభావం కొంతసేపే ఉంటుంది, పైగా అది వ్యసనంలా పట్టుకుంటుంది. ఆ క్రీము కోసం హేగన్ డాగెట్ చెప్పిన నేరాలన్నీ చేస్తాడు. చివరికి డాగెట్ మనుషులే అతణ్ని పట్టుకుని ఆ క్రీమంతా గొంతులో పోసి చావడానికి వదిలేస్తారు. అతను చావడు, శరీరమంతా మట్టిగా మారిపోతుంది.

రెండో భాగంలోని పతాక సన్నివేశం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. బ్యాట్‌మన్ అతణ్ని ఒక టీవీ స్టూడియోలో ఎదుర్కొంటాడు, బలంతో గెలవలేనని తెలిసి, చుట్టూ ఉన్న తెరలన్నింటి మీద హేగన్ ఒకప్పుడు నటించిన వేషాలను ఒక్కసారిగా వేస్తాడు. ఆ వేషాలు కంటపడగానే అతని శరీరం అతని మాట వినడం మానేస్తుంది. ఒక్కో తెరను చూసినప్పుడల్లా ఆ మనిషిగా మారిపోతూ, ఒక వేషం పూర్తిగా కుదురుకోకముందే మరొకటి తోసుకువస్తూ, ఆపమని అరుస్తూ కుప్పకూలుతాడు. రాన్ పెర్ల్‌మన్ గొంతు ఆ అరుపుకు ఇచ్చిన బాధ మరువలేనిది. విలన్ ఓడిపోయినందుకు పిల్లలు సంతోషించాలి, నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. ఈ రోజు అభిమానుల్లో కనిపిస్తున్న ఆత్రుతలో పెద్ద భాగం ఆ రెండు భాగాల నుంచి వచ్చినదేనని నా అభిప్రాయం, ఎందుకంటే నాతో ఈ సినిమా గురించి మాట్లాడిన ప్రతి మిత్రుడూ ముందుగా ఎత్తేది ఆ సన్నివేశమే.

కామిక్స్ చరిత్ర కొంచెం చిక్కుగా ఉంటుంది గానీ తెలుసుకుంటే సినిమా బాగా అర్థమవుతుంది. మొదటి క్లేఫేస్ 1940లో డిటెక్టివ్ కామిక్స్ 40వ సంచికలో కనిపించాడు. బిల్ ఫింగర్, బాబ్ కేన్ సృష్టించిన ఆ బేసిల్ కార్లోకు ఏ శక్తులూ లేవు. తాను ఒకప్పుడు నటించిన భయానక చిత్రాన్ని వేరే నటులతో మళ్లీ తీస్తున్నారని తెలిసి, ఆ కక్షతో ముసుగు వేసుకుని హత్యలకు దిగిన పాత నటుడు అతడు. మట్టిగా మారే శక్తి 1961లో వచ్చిన రెండో క్లేఫేస్‌ది. అతడే మ్యాట్ హేగన్, అయితే అక్కడ అతను నటుడు కాదు, నిధుల కోసం వెతుకుతూ ఒక గుహలోని వింత ద్రవంలో పడినవాడు. కార్లో వృత్తిని, హేగన్ పేరునూ శక్తినీ ఒకే మనిషిలో కలిపిన ఘనత 1992 నాటి యానిమేటెడ్ సిరీస్ రచయితలది. కామిక్స్‌లో హేగన్ తర్వాత మరికొందరు కూడా ఆ పేరుతో వచ్చారు, వారి జోలికి మీరు ఇప్పుడే వెళ్లనవసరం లేదు. 2016లో మొదలైన డిటెక్టివ్ కామిక్స్ కథాక్రమంలో మాత్రం బ్యాట్‌మన్ కార్లోను మార్చవచ్చన్న నమ్మకంతో తన బృందంలోకే తీసుకుంటాడు. చదివే ఓపిక ఉంటే దాన్ని తప్పక చదవండి, ఈ పాత్ర మీద రచయితలకు ఎంత జాలి ఉందో తెలుస్తుంది.

ఇక సినిమా విషయానికి వస్తే, దీని కథను ముందుగా తలపెట్టి రాసింది మైక్ ఫ్లనగన్. భయానక కథల్లో దయ్యాల కంటే మనుషుల దుఃఖానికి ఎక్కువ చోటిచ్చే రచయితగా ఆయన నాకు ఇష్టం. దర్శకుడు జేమ్స్ వాట్కిన్స్ కూడా భయానక చిత్రాల నుంచి వచ్చినవాడే. బ్యాట్‌మన్, సూపర్‌మన్ పాత్రల సినిమాలు తీసే డీసీ స్టూడియోస్‌ను నడుపుతున్న జేమ్స్ గన్, పీటర్ సాఫ్రన్ దీన్ని పెద్దల కోసం తీస్తున్న, శరీరం వికృతంగా మారిపోవడంలోని భయాన్ని చూపే చిత్రంగానే మొదటి నుంచీ పరిచయం చేస్తున్నారు. సూపర్‌మన్ వంటి చిత్రంతో పోలిస్తే ఖర్చు కూడా చాలా తక్కువ. అభిమానుల్లో కొందరు దీన్ని చిన్నచూపుగా భావించారు, నాకైతే ఇదే అన్నిటికంటే ఆశ కలిగించే సంగతి. వందల కోట్లు పెట్టినప్పుడు చివరి అరగంటలో నగరం కూలిపోయే యుద్ధం ఒకటి పెట్టక తప్పదన్నట్టు తయారైంది. ఖర్చు తక్కువైతే కెమెరా ఆ మనిషి ముఖం దగ్గర ఆగడానికి వీలుంటుంది.

మ్యాట్ హేగన్‌గా నటిస్తున్న వేల్స్ నటుడు టామ్ రైస్ హ్యారీస్ మనకు పెద్దగా తెలియనివాడన్న అభ్యంతరం తరచూ వినిపిస్తోంది. బాగా పరిచయమున్న తార ముఖం కళ్లముందే కరిగిపోతే ప్రేక్షకుడికి మరింత నొప్పి కలుగుతుందన్న వాదనలో బలం ఉందని ఒప్పుకుంటాను. అయినా కొత్త ముఖమే ఈ కథకు మేలు. తార అయితే మనం తారనే చూస్తూ కూర్చుంటాం, మేకప్ ఎంత బాగుందో లెక్కలు వేస్తాం. హీత్ లెడ్జర్‌ను జోకర్‌గా ప్రకటించినప్పుడు వచ్చిన వ్యతిరేకతనూ, 2008లో సినిమా విడుదలయ్యాక అది ఏమైందో కూడా మనం చూశాం. కనుక ఎంపికను చూసి ముందే తీర్పు చెప్పడం ఎంతవరకు సబబో ఆలోచించండి.

నా సొంత అనుభవంలో ఎదురుచూపు సినిమాకు మేలు చేసిన సందర్భమూ ఉంది, కీడు చేసిన సందర్భమూ ఉంది, చిత్రంగా రెండూ ఒకే విలన్‌వి. 2019 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో జోకర్‌కు గోల్డెన్ లయన్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి మా మిత్రబృందానికి వేరే మాట లేదు. అక్టోబరు 2న హైదరాబాద్‌లో సైరా నరసింహారెడ్డి విడుదల సందడిలో నగరమంతా మునిగి ఉంటే, మేము ఒక మల్టీప్లెక్స్‌లో జోకర్‌కు వెళ్లాం. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా కావడంతో, బ్యాట్‌మన్ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని వచ్చిన ఒక పిల్లవాణ్ని, అతని తండ్రినీ సిబ్బంది గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల ఈలలు వేద్దామని వచ్చిన కుర్రాళ్లు అరగంట గడిచేసరికి నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఏం రాబోతోందో మాకు తెలియదు, తెలియకపోవడం వల్లే అది అంత లోతుగా తాకింది. ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 100 కోట్ల డాలర్లు దాటింది. 2024లో వచ్చిన రెండో భాగానికి పరిస్థితి తిరగబడింది. జోకర్‌గా మారిన ఆర్థర్, బ్యాట్‌మన్ కథలు జరిగే గోథమ్ నగరాన్ని ఏలే నేరసామ్రాట్టుగా మారే సినిమాను ప్రతి అభిమానీ అప్పటికే తన మనసులో తీసేసుకుని ఉన్నాడు. తెర మీద పాటలు, న్యాయస్థానం, ఓడిపోయిన ఒక మనిషి కనిపించేసరికి ఆగ్రహించాడు. వసూళ్లు దాదాపు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయాయి. ఆ చిత్రంలో లోపాలు లేవనను, కానీ దానికి న్యాయంగా ఒక్క అవకాశం కూడా దక్కలేదని ఈ రోజుకూ నాకు బాధగా ఉంటుంది.

విలన్‌ను కథానాయకుడిగా చూడటం మన తెలుగు ప్రేక్షకులకు కొత్త సంగతి కాదు. 1961లోనే సీతారామ కళ్యాణంలో ఎన్టీఆర్ రావణుడిగా నిలబడితే, ఆ పాత్ర చేసిన తప్పును తప్పుగానే చూస్తూ ఆ పాండిత్యానికీ ఆ భక్తికీ చేతులెత్తి నమస్కరించినవారు మన పెద్దలు. క్లేఫేస్‌ను చూడటానికి కావలసిన మనసు అదే. హేగన్ నిరపరాధి అని సినిమా మనల్ని ఒప్పించనక్కర్లేదు. ఆ తప్పులకు అతను ఎలా చేరాడో దగ్గర నుంచి చూపిస్తే చాలు. స్పైడర్‌మన్ విలన్లతో మోర్బియస్, క్రేవెన్ వంటి చిత్రాలు తీసినవారు ఆ పాత్రలను మంచివారిగా మార్చే తొందరలో వారిలోని పదును పోగొట్టారన్నది నా ఫిర్యాదు. ఇక్కడా అదే జరుగుతుందేమోనన్న భయం ఒక్కటే నాకు మిగిలి ఉంది.

మీరు ముందుగా చేయగలిగింది ఏమిటంటే, ‘ఫీట్ ఆఫ్ క్లే’ రెండు భాగాలూ ఒకే విడతలో చూడండి. నచ్చితే ఆ సిరీస్‌కు కొనసాగింపులో 1998లో వచ్చిన ‘గ్రోయింగ్ పెయిన్స్’ అనే ఎపిసోడ్ కూడా చూడండి, జ్ఞాపకం పోగొట్టుకున్న ఒక చిన్న అమ్మాయికీ బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్‌కూ మధ్య నడిచే ఆ కథలో క్లేఫేస్ ఎందుకు వస్తాడో నేను చెప్పను. మొదటి ట్రైలర్ చూడటంలో తప్పులేదు గానీ, షూటింగ్ జరిగినప్పుడు బయటికి పొక్కిన ఫొటోలను, కథ ఇదేనంటూ తిరిగే ఊహాగానాలను దూరం పెట్టండి. బ్యాట్‌మన్ ఒక్క క్షణమైనా కనిపిస్తాడా అని లెక్కపెడుతూ కూర్చోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలు బ్యాట్‌మన్ సినిమా అనుకుని వెంటపడితే వారికి ఆ రోజు మరో సినిమా చూపించండి, దీనికి మాత్రం భయానక చిత్రాలు తట్టుకోగల పెద్దవారితోనే వెళ్లండి.