అక్కకు లేని వ్యసనం తమ్ముడికి ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ, అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. ఇద్దరికీ ఒకే రోజు ఫోన్లు కొనిచ్చాం. అమ్మాయి పని చూసుకుని పక్కన పెట్టేస్తుంది. అబ్బాయి మాత్రం తెల్లవారుజాము మూడింటి దాకా ఆటలు ఆడుతూనే ఉంటాడు. ఏడాదిగా ఇదే వరస. నాలుగు సబ్జెక్టులు తప్పాడు. చిన్నప్పటి నుంచీ బెరుకు, ప్రతిదానికీ కంగారు. మొన్న వాళ్ల నాన్నగారు ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టారు. రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. వాడి బుద్ధే అంతా? ఇక మారడా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, బెరుకు, కంగారు అని మీరు పైపైన రాసి వదిలేసిన మాటల దగ్గరే నేను ఆగిపోయాను. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు అక్కడే ఉంది.

మనస్తత్వ శాస్త్రంలో మనిషి స్వభావాన్ని ఐదు గుణాలతో అంచనా వేస్తారు. వాటిలో ఇంటర్నెట్ వ్యసనంతో ఎక్కువగా ముడిపడినవి రెండు. త్వరగా ఆందోళనకు లోనయ్యే గుణం ఎక్కువగా ఉన్నవారు, పనిని ఒక క్రమంలో పూర్తి చేసే పట్టుదల తక్కువగా ఉన్నవారు ఇందులో తేలిగ్గా చిక్కుకుంటారని అనేక దేశాల పరిశోధనల్లో తేలింది. తొందరపాటు, ఒంటరితనం తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. స్వభావం వల్ల ముప్పు పెరుగుతుందే తప్ప అదే తలరాత కాదు. మీ అబ్బాయి మారగలడు.

క్లాసులో నోరు విప్పలేని పిల్లవాడికి ఆట ఏమిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. అక్కడ అతని ముఖం ఎవరికీ కనిపించదు. గెలిస్తే ఆ క్షణంలోనే మెప్పు దొరుకుతుంది, ఓడితే మరుక్షణమే మళ్లీ మొదలుపెట్టవచ్చు. తప్పిన పరీక్షకు ఆ వీలు లేదు. పుస్తకం తెరవగానే గుండె దడ, ఫోన్ తీయగానే ఉపశమనం. రాత్రి నిద్ర ఉండదు కాబట్టి మర్నాడు చదువు సాగదు, కంగారు ఇంకాస్త పెరుగుతుంది. ఆ కంగారే మళ్లీ ఫోన్ దగ్గరికి తోస్తుంది. ఇలాంటప్పుడు ఫోన్ లాక్కుంటే ఉపశమనం పోతుంది, కంగారు మాత్రం అలాగే మిగులుతుంది. అన్నం మానేయడాన్ని మొండితనం అనుకోకండి.

అక్కతో పోల్చడం ఈరోజే ఆపండి. ఆ అమ్మాయి నిదానం ఆమెకు స్వభావంగా వచ్చింది. తమ్ముడు దాన్ని అలవాటుగా నేర్చుకోవాలి, దానికి ఇంటి సాయం కావాలి. రాత్రి పదకొండు తర్వాత ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్‌లో ఉండాలి, మీ దంపతులవి కూడా. ముందు నిద్ర దారిలో పడనివ్వండి. నాలుగు సబ్జెక్టుల గురించి ఒకేసారి మాట్లాడవద్దు. సులువైనది ఒకటి అతన్నే ఎంచుకోమనండి. ఏ ఆట ఆడుతున్నాడో, ఎవరితో ఆడుతున్నాడో కూడా అడగండి. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడగండి.

వైద్య సలహా కూడా తప్పనిసరి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా పన్నెండు నెలల పాటు కొనసాగడం దాని లక్షణాలు. మీరు రాసినవి వీటికి దగ్గరగానే ఉన్నాయి. అయినా రుగ్మత అవునో కాదో మానసిక వైద్యులే తేల్చాలి. వెనుక కుంగుబాటో, ఏకాగ్రత లోపమో ఉంటే దానికీ చికిత్స జరగాలి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి సమస్యలకే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లే ముందు 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు ఫోన్లోనే సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోతానన్న మాట అతని నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక బీరువాలో ఉన్న ఫోన్ సంగతి. ఈ సాయంత్రం ముందు వాళ్ల నాన్నగారితో మీరొక్కరే మాట్లాడండి. తర్వాత అబ్బాయిని భోజనానికి పిలిచి, పదకొండు గంటల నియమం చెప్పి, ఆయన చేతులతోనే ఫోన్ తిరిగి ఇప్పించండి.