హెవీ లైసెన్సు ఫీజు కన్నా ఖాళీ నెలల ఖర్చే పెద్దది

ప్రశ్న: నా వయసు 28. జీడిమెట్లలో ఒక గోడౌన్‌లో లోడింగ్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 19,000 వస్తుంది. షాపూర్‌నగర్‌లో అమ్మ పేరున ఉన్న ఇంట్లోనే ఉంటున్నాం కాబట్టి అద్దె లేదు. భార్య, మూడేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడ్డారు. ఇంటి ఖర్చు నెలకు 13,500. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను. 20 నెలల్లో 12 అయ్యాయి. బ్యాంకులో 42,000 ఉంది. కారు లైసెన్సు తీసుకుని మూడేళ్లయింది. లారీ నేర్చుకోవాలని గట్టిగా ఉంది. ఒక డ్రైవింగ్ స్కూలువారు పది రోజులు రోజుకు అరగంట నేర్పించి, హెవీ లైసెన్సు గ్యారంటీగా ఇప్పిస్తామని 38,000 అడుగుతున్నారు. చీటీ పాడమంటారా, నా భార్య మూడు తులాల బంగారం తాకట్టు పెట్టమంటారా? తెలిసిన లారీ ఓనరు ఒకాయన ఫీజు తానే కడతానని, రెండేళ్లు 19,000 జీతానికి తన దగ్గరే చేస్తానని బాండు రాసివ్వమని అంటున్నారు. బయట అదే పనికి 22,000 ఇస్తున్నారు. మా బావమరిది లైసెన్సు వచ్చాక కూడా నాలుగు నెలలు క్లీనరుగా 9,000కే చేశాడు. తర్వాత సొంత లారీ కొనాలని ఉంది.

జవాబు: మీరు 38,000 రూపాయలు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. అయితే మీ లెక్కలో అసలైన భారం మీ ఉత్తరం చివర బావమరిది గురించి రాసిన ఒక్క వాక్యంలో ఉంది. లైసెన్సు చేతికొచ్చిన రోజున ఎవరూ పాతిక లక్షల లారీని, దానిలోని సరుకును కొత్తవాడి చేతిలో పెట్టరు. శిక్షణ మొదలైన రోజు నుంచి పూర్తి జీతం అందే రోజు వరకు ఇల్లు ఎలా గడుస్తుందన్నదే మీరు ముందుగా తేల్చుకోవలసిన విషయం.

ఉద్యోగం మానేసి ఇప్పుడే చేరారనుకుందాం. శిక్షణకు, పరీక్షకు రెండు నెలలు, క్లీనరుగా నాలుగు నెలలు, మొత్తం ఆరు నెలలు. ఇంటి ఖర్చు, చీటీ కలిపి నెలకు 18,500 చొప్పున 1,11,000 అవుతుంది. ఫీజు 38,000కు మెడికల్ సర్టిఫికెట్, ఆర్టీఏ ఫీజులు, రాకపోకలు మరో 4,000 కలిపితే మొత్తం 1,53,000. క్లీనరుగా వచ్చే 36,000 తీసేస్తే 1,17,000 కావాలి. మీ దగ్గర ఉన్నది 42,000. అంటే బ్యాంకు ఖాతా పూర్తిగా ఖాళీ చేసినా 75,000 లోటు మిగులుతుంది. బంగారం మీద 38,000 తెచ్చి ఫీజు కట్టేస్తే సమస్య తీరిందనుకునేవారు మూడో నెలలో మళ్లీ అప్పుకు వెళ్లేది ఈ లోటు వల్లనే. ఆ రెండో అప్పు సాధారణంగా బ్యాంకులో దొరకదు, నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట దొరుకుతుంది.

ఇప్పుడు ఆ పది రోజుల గ్యారంటీ సంగతి చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ట్రాన్స్‌పోర్టు వాహనాల శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాల్లోనైతే భారీ వాహనాలకు పాఠాలు, ప్రాక్టికల్స్ కలిపి 38 గంటలు, ఆరు వారాల కోర్సు ఉంది. అక్కడ ఉత్తీర్ణులైనవారికి ఆర్టీఏలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. మీ స్కూలువారు చెప్పిన లెక్క ప్రకారం మీకు స్టీరింగు దక్కేది మొత్తం ఐదు గంటలు, గంటకు 7,600 రూపాయలు. అదే ఫీజుకు పాఠాలతో కలిపి 38 గంటలు నేర్పే చోట గంటకు 1,000 పడుతుంది. ఏ స్కూలుకు వెళ్లినా ఫీజు అడిగిన వెంటనే అడగవలసిన రెండో ప్రశ్న ఇదే: స్టీరింగు నా ఒక్కడి చేతిలో ఎన్ని గంటలు ఉంటుంది? నలుగురు విద్యార్థులను ఒకే లారీలో ఎక్కించి రెండు గంటలు తిప్పితే మీ వాటా అరగంటే. దానితోపాటు లారీ నిజంగా భారీ వాహనమేనా, లోడుతో నడిపిస్తారా, సరుకు ఎక్కించి దించే చోటికి, అంటే లోడింగ్ బేకి, రివర్సులో ఆనించడం నేర్పుతారా అని కూడా అడగండి. గోడౌన్‌లో పనిచేస్తున్నారు కనుక, రివర్సు సరిగా రాని డ్రైవరు వల్ల బే దగ్గర ఎంత సమయం, ఎంత సరుకు పోతుందో మీకు ఒకరు చెప్పనవసరం లేదు. నేర్పకుండా లైసెన్సు ఇప్పిస్తామన్న హామీకి డబ్బు కట్టవద్దు. దానివల్ల ప్రాణం మీదికి వచ్చేది మీకూ, మీ ముందు బండి మీద పోతున్న మరొకరికీ.

డబ్బు కట్టకముందే చేయవలసిన చిన్న పని ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ తప్పనిసరి. అందులో దూరదృష్టి, రంగుల గుర్తింపు, రేచీకటి వంటివన్నీ చూస్తారు. ఈ వారంలోనే మంచి కంటి ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోండి. కొన్ని వందల రూపాయల ఖర్చుతో, వేల రూపాయల నిర్ణయం సరైనదో కాదో తెలిసిపోతుంది.

చీటీ, బంగారం మధ్య మీరు పెట్టిన పోలిక మంచిది, ఎందుకంటే చాలామంది ఆ లెక్క వేయకుండానే చీటీ పాడేస్తారు. మీ చీటీ చివరి వరకు ఆగితే, చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 5 శాతం అనుకుంటే, 95,000 చేతికొస్తుంది. ఇప్పుడు పాడితే 80,000 దగ్గర తెగిందనుకుందాం. ఎనిమిది నెలలు ముందుగా డబ్బు తీసుకున్నందుకు మీరు ఇచ్చుకున్నది 15,000. అదే 80,000 బంగారం మీద బ్యాంకులో ఏడాదికి 12 శాతం వడ్డీకి ఎనిమిది నెలలకు తీసుకుంటే వడ్డీ 6,400. కాబట్టి రెండింటిలో ఒకటే దారి ఉంటే బంగారమే చౌక, అది కూడా బ్యాంకులోనే. బజారులో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమన్న మాట మరవవద్దు. అయినా ఈ రెండూ ఇప్పుడు అవసరం లేదని నా అభిప్రాయం. ఆ మూడు తులాలు మీ భార్యవి. మీరు రోడ్డు మీద ఉండగా ఇంట్లో పాపకు జబ్బు చేస్తే ఆమె ఎవరినీ అడగకుండా వాడుకోగలిగేది అదొక్కటే.

నా సలహా ఏమిటంటే, ఉద్యోగంలోనే ఉండి చీటీ పూర్తి చేయండి. ఎనిమిది నెలల తర్వాత చీటీ 95,000, బ్యాంకులోని 42,000, నెలకు మిగిలే 500 చొప్పున 4,000 కలిపి 1,41,000 అవుతుంది. అప్పటికి చీటీ కిస్తీ ఉండదు కనుక ఆరు నెలల ఇంటి ఖర్చు 81,000కు తగ్గుతుంది. శిక్షణ ఖర్చు 42,000 కలిపి 1,23,000; క్లీనరు సంపాదన 36,000 పోను 87,000 కావాలి. అదంతా పోయినా మీ ఖాతాలో 54,000, అంటే సరిగ్గా నాలుగు నెలల ఇంటి ఖర్చు మిగిలి ఉంటుంది. ఒక్క రూపాయి అప్పు లేదు, బంగారం బీరువాలోనే ఉంటుంది. ఇక తెల్లవారుజాము బ్యాచ్ ఉన్న స్కూలు దొరికి, మీరు మధ్యాహ్నం షిఫ్టుకు మారగలిగితే, శిక్షణ కాలంలో జీతం కూడా ఆగదు.

ఎనిమిది నెలలు వృథా అనిపించవచ్చు. నిజానికి మీ ప్రణాళికలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే కావచ్చు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 7,500 కిలోలు మించని సరుకు రవాణా వాహనాన్ని మామూలు ఎల్ఎంవీ లైసెన్సుతోనే, అంటే కారుకు ఇచ్చే తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చు; ప్రమాదకరమైన సరుకులు మోసే వాహనాలకు మాత్రం నియమాలు వేరు. అంటే మీ జేబులో ఉన్న లైసెన్సుతోనే టాటా ఏస్ నుంచి చిన్న డీసీఎం వరకు నడిపే అర్హత మీకు ఇవాళే ఉంది. డీసీఎంలన్నీ ఒక్క బరువువి కావు కనుక స్టీరింగు పట్టుకునే ముందు ఆర్సీలో స్థూల బరువు స్వయంగా చదవండి, బీమా అమల్లో ఉందో లేదో చూడండి. మీ గోడౌన్‌కు వచ్చే ట్రాన్స్‌పోర్టు వారిని అడిగి, సెలవు రోజుల్లో కూలి తక్కువైనా సరే లోడు బండి నడపండి. వెనుక మూడు టన్నులున్నప్పుడు బ్రేకు ఎంత ముందుగా వేయాలో, బాలానగర్ రద్దీలో వెడల్పాటి బండిని ఎలా తిప్పాలో తెలిసినవాడు శిక్షణకు వెళితే అక్కడి ప్రతి గంటా రెట్టింపు పనికొస్తుంది. ఆటోనగర్‌లో లారీలు నడిపిన మా మేనమామ, కొత్తగా వచ్చినవాళ్లు క్లీనరుగా ఎన్నాళ్లు ఉండాలన్నది లైసెన్సు తేదీని బట్టి కాక, మొదటి వారంలో రివర్సు ఎలా తీశారన్నదాన్ని బట్టి నిర్ణయించేవాడు. ఆ నాలుగు నెలలు రెండు నెలలైతే మీకు మిగిలేది 26,000.

ట్రాన్స్‌పోర్టు లెర్నింగ్ లైసెన్సుకు కనీసం ఏడాది పాతదైన ఎల్ఎంవీ లైసెన్సు, 20 ఏళ్ల వయసు ఉండాలన్న రెండు షరతులూ మీకు ఇప్పటికే తీరాయి. ఆ లెర్నింగ్ లైసెన్సు (ఎల్ఎల్ఆర్) ఆరు నెలలే చెల్లుతుంది కనుక శిక్షణకు ముందు నెలలో తీసుకుంటే చాలు, ఇప్పుడే తీసుకుంటే గడువు వృథా అవుతుంది. స్కూలును వెతికేటప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో నడిచే టైడ్స్ శిక్షణ సంస్థలో కూడా ఫీజు, బస వివరాలు కనుక్కోండి.

ఓనరు గారి బాండు విషయాన్ని కొట్టిపారేయలేను. ఆయన కట్టే 38,000ను 24 నెలలకు పంచితే నెలకు 1,583. ఆయన జీతం బయటకన్నా నెలకు 3,000 తక్కువ, రెండేళ్లకు 72,000. ఈ మాత్రమే చూస్తే ఫీజుకు దాదాపు రెట్టింపు తిరిగి ఇస్తున్నారు. కానీ క్లీనరు దశ లేకుండా, సీనియరు డ్రైవరు పక్కన కూర్చోబెట్టి లైసెన్సు వచ్చిన మొదటి నెల నుంచే 19,000 ఇస్తానంటే, నాలుగు నెలలకు 10,000 చొప్పున మరో 40,000 మీకు కలిసి వస్తుంది. అప్పుడు ఆయన ఇచ్చేది 78,000; ఆ నాలుగు నెలలు బయటైనా 22,000 రావు కనుక మీరు వదులుకునేది మిగిలిన 20 నెలలకు 60,000. కాబట్టి మీరు ఆయనను అడగవలసింది ఒక్కటే: పూర్తి జీతం ఏ తేదీ నుంచి? ఆ తేదీ కాగితం మీద ఉండాలి. మధ్యలో మానేస్తే తిరిగి కట్టవలసిన మొత్తం ప్రతినెలా 1,583 చొప్పున తగ్గుతూ పోవాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడాలి. ఒరిజినల్ లైసెన్సు, ఖాళీ చెక్కు, అంకె వేయని ప్రామిసరీ నోటు ఎంత మంచివారికైనా ఇవ్వకండి. ఇందులో దేనికి ఆయన ఒప్పుకోకపోయినా మీ చీటీ డబ్బుతోనే నేర్చుకోవడం మేలు.

రాజీనామా ఇచ్చే రోజున మీరు ఈఎస్ఐని కూడా వదులుకుంటున్నారు. అమ్మకు, పాపకు ఇప్పుడు దొరుకుతున్న వైద్యం ఎప్పటి వరకు కొనసాగుతుందో డిస్పెన్సరీలో అడిగి తెలుసుకోండి. ఆహారభద్రత కార్డు ఉంటే 2023 డిసెంబరు నుంచి 10 లక్షల వరకు పెరిగిన ఆరోగ్యశ్రీ ఉంటుంది; కార్డులో పాప పేరు చేరిందో లేదో చూడండి, చిన్నపిల్లల పేర్లు ఎక్కించడం చాలామంది మరచిపోతారు. పీఎఫ్ డబ్బు తీయకుండా అలాగే ఉంచండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా రెండూ ఈ వారమే తీసుకోండి, ఒక్కోదానికి రెండు లక్షలు. డ్రైవరు మీద ఆధారపడిన ఇంటికి ఇవి సరిపోవు కనుక, పూర్తి జీతం మొదలైన నెలలో కనీసం పాతిక లక్షల టర్మ్ పాలసీకి దరఖాస్తు చేయండి. వృత్తి అన్న చోట లారీ డ్రైవరు అనే రాయండి. ప్రీమియం కొంత పెరగవచ్చు, కానీ దాచిపెడితే క్లెయిము సమయంలో మీ భార్య ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

బత్తాను జీతంలో కలిపి ఇంటి లెక్క వేయవద్దు. అది దారిలో మీ తిండికి, నిద్రకు ఇచ్చే డబ్బు. ఇంటికి పంపాలని ఒక పూట మానేసి, నిద్ర ఆపుకుని నడిపే డ్రైవర్లను చూశాను, ఆ పొదుపు మీరు చేయవద్దని వేడుకుంటున్నాను.

ఆర్టీసీ మీద ఆసక్తి ఉంటే, 2025లో వెలువడిన 1,000 డ్రైవరు పోస్టుల ప్రకటనలో భారీ వాహనాల లైసెన్సు 18 నెలలుగా ఉండాలని అడిగారు. లైసెన్సు తేదీ నుంచి ఆ గడియారం నడుస్తుంది కాబట్టి శిక్షణను ఎనిమిది నెలల తర్వాత మరింత వెనక్కి నెట్టవద్దు. సొంత లారీ గురించి ఇప్పుడు ఏమీ నిర్ణయించుకోకండి. రెండేళ్లు జీతం బ్యాంకులో పడి, టైర్లు, డీజిలు, ఖాళీగా తిరిగొచ్చిన ట్రిప్పులు ఎంత తింటాయో వేరొకరి బండి మీద మీ చేత్తో పుస్తకంలో రాసుకున్న తర్వాత, ఆ పుస్తకంతో మళ్లీ ఉత్తరం రాయండి. కిస్తీ ఎంత వరకు మోయగలరో అప్పుడు కలిసి లెక్క వేద్దాం.