గంటల లెక్క, కిరాయి బాకీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను రిజిస్టర్డ్ కాంట్రాక్టర్‌ని. సొంత పొక్లెయిన్ ఉంది, 20 టన్నులది. వేసవిలో కాలువలు కట్టేశాక మా వైపు పూడికతీత పని దక్కిన మరో కాంట్రాక్టర్‌కి గంటకు 1,200 రూపాయల చొప్పున ఇచ్చాను. డీజిల్, బత్తా ఆయనవి. ఆపరేటర్ జీతం నాది. అగ్రిమెంట్ రాసుకోలేదు, రేటుకు ఒప్పుకున్న వాట్సాప్ మెసేజ్ మాత్రం ఉంది. మీటరు మీద 380 గంటలు తిరిగింది. 1,50,000 ఇచ్చారు. మిగతాది అడిగితే, అందులో 60 గంటలు బండి ఊరికే ఆన్‌లో ఉందని, పైగా ఇరిగేషన్ శాఖ నుంచి తనకే బిల్లు రాలేదని అంటున్నారు. బండి నడిచిన గంటలు రోజూ రాసే లాగ్ షీట్లలో కొన్నిటి మీద సంతకాలు లేవు. డబ్బు వచ్చే దారి ఏమిటి?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: నోటీసు సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క తేల్చుకోండి. 380 గంటలకు 4,56,000. 18 శాతం జీఎస్టీ 82,080 కలిపితే 5,38,080. ముట్టింది పోను 3,88,080. ఆయన మాటే నిజమనుకుని 320 గంటలకు కట్టినా, జీఎస్టీతో కలిపి 3,03,120 రావాలి. అంటే నిజంగా తగాదా ఉన్నది 84,960 మీదే. మిగతా మూడు లక్షల పైచిలుకుకు ఆయన దగ్గర చెప్పడానికి కారణమే లేదు. ఈ రెంటినీ విడదీసి, 'తగాదా లేని మొత్తం ముందు కట్టండి, 60 గంటల సంగతి కూర్చుని తేల్చుకుందాం' అని రాతపూర్వకంగా అడగండి. అంతా కలిపి ఒకే అంకెగా అడిగితే ఆ 60 గంటల వంకతో మొత్తం ఆపేస్తారు. ఈ జిల్లాల్లో కిరాయి బాకీలు ఏళ్ల తరబడి నానడానికి ఇదే పెద్ద కారణం.

జీఎస్టీ విషయంలో ఒక చిక్కు ఉంది. మీ మెసేజ్‌లో 'జీఎస్టీ అదనం' అన్న మాట లేకపోతే, 1,200లోనే పన్ను కలిసి ఉందని ఆయన వాదించవచ్చు. ఇన్‌వాయిస్ ఇంకా ఇవ్వకపోతే ఈ వారమే ఇవ్వండి. సేవ అందించిన 30 రోజుల్లోపు ఇవ్వాలన్నది నిబంధన. ఆలస్యమైతే పన్ను మీద వడ్డీ మీకే పడుతుంది. అయినా ఇన్‌వాయిస్ లేకుండా బాకీ అడగడం కంటే అదే నయం.

ఇక ఆ 60 గంటలు. పొక్లెయిన్ మీటరు సాధారణంగా ఇంజన్ నడిచినంతసేపూ తిరుగుతుంది, బకెట్ కదిలినా కదలకపోయినా. కాబట్టి మీటరు ఒక్కదానితో ఈ తగాదా తేలదు. తేల్చగలిగేది డీజిల్. 20 టన్నుల బండి మట్టి తోడేటప్పుడు గంటకు సుమారు 12 నుంచి 16 లీటర్లు తాగుతుంది. ఊరికే ఆన్‌లో ఉంటే 3 నుంచి 5 లీటర్లకు మించదు. 13 లీటర్ల సగటున 380 గంటలూ పని జరిగి ఉంటే 4,940 లీటర్లు పడాలి. ఆయన చెప్పినట్టు 320 గంటలు పని, 60 గంటలు ఖాళీ అయితే, ఖాళీ గంటకు 4 లీటర్ల లెక్కన 4,400 దగ్గర ఆగాలి. డీజిల్ పోయించింది ఆయనే కాబట్టి బంకు బిల్లులు ఆయన లెక్కల్లోనే ఉంటాయి. వాటిని చూపించమని మీ ఉత్తరంలో అడగండి. చూపించకపోతే ఆ సంగతే రేపు మీకు పనికొస్తుంది. అయితే 13 అన్నది మీ బండికి సరైన అంకె అవునో కాదో ముందే చూసుకోవాలి. బండి పాతబడినా, మెత్తటి ఒండ్రులో ట్రాక్ కూరుకుపోతూ నడిచినా లీటర్లు పెరుగుతాయి. అందుకని అదే బండి ఇంకో సైట్‌లో తాగిన డీజిల్ లెక్క పక్కన పెట్టి చూపించండి.

బండికి టెలిమాటిక్స్, అంటే బండి వివరాలను దూరం నుంచే పంపే పరికరం ఉంటే పని ఇంకా సులువు. జేసీబీ వారి లైవ్‌లింక్, కొమాట్సు వారి కామ్‌ట్రాక్స్ లాంటివి ఇంజన్ నడిచిన గంటలను, ఖాళీగా ఆన్‌లో ఉన్న గంటలను రోజువారీగా విడివిడిగా చూపిస్తాయి. బండి ఏ ఊళ్లో ఉందో కూడా తెలుస్తుంది. ఆ నెలల రిపోర్టు డీలర్ దగ్గర ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఒకవేళ ఖాళీ గంటలు నిజమేనని తేలితే? అప్పుడు చూడాల్సింది ఎవరి వల్ల ఖాళీ అయిందన్నది. టిప్పర్లు రాక, మట్టి ఎక్కడ పోయాలో చెప్పక, గట్టు మీద రైతుల అభ్యంతరంతో పని ఆగితే ఆ గంటలు ఆయనవి. హోస్ పగిలి, ట్రాక్ జారి, ఆపరేటర్ రాక ఆగితే మీవి. లాగ్ షీట్‌లో ఆగిన సమయం పక్కన కారణం రాయించుకోవాలన్నది ఇందుకే. 'ఐడిల్ 3 గంటలు' అంటే సరిపోదు. 'టిప్పర్లు లేక ఐడిల్, 11 నుంచి 2' అని రాసి, వాళ్ల సూపర్‌వైజర్‌తో అదే సాయంత్రం సంతకం పెట్టించుకోవాలి. వారానికోసారి కట్టగా సంతకం చేయించుకోవడం అలవాటైన చోటే షీట్లు ఖాళీగా మిగిలిపోతాయి.

సంతకాలు లేని షీట్లు పనికిరావని బెంగ పడకండి. ఆ రోజుల్లో ఆపరేటర్ పంపిన మీటరు ఫొటోలు, 'రేపు బండి ఫలానా తూము దగ్గరికి పంపండి' అన్న మెసేజ్‌లు వాటికి ఊతం. వాట్సాప్‌ను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోన్ అమ్మకండి, మార్చకండి, చాట్ చెరపకండి. ఇంకో చోట కూడా వెతకండి: మీ పాన్ మీద ఫారం 26ఏఎస్, అంటే మీ పేరున పట్టిన పన్నుల పట్టిక తీసి చూడండి. కిరాయిని తన పుస్తకాల్లో జమ రాసుకున్నప్పుడు గానీ చెల్లించినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు ఆయన టీడీఎస్ (మూలంలోనే పన్ను కోత) పట్టాలి. మీకు చేరింది లక్షన్నరే అయినా 26ఏఎస్‌లో అంతకన్నా పెద్ద మొత్తం కనిపిస్తే, ఆ బాకీని ఆయన తన పుస్తకాల్లో ఒప్పుకున్నట్టే.

'శాఖ బిల్లు వచ్చాక ఇస్తా' అన్నది ముందే ఒప్పుకున్న షరతు కాకపోతే మీకు వర్తించదు. మీ ఒప్పందం ఆయనతో, శాఖతో కాదు. ఎం-బుక్‌లో (శాఖ పని కొలతలు రాసే పుస్తకంలో) ఎంత రికార్డయిందన్నదీ మీకు సంబంధం లేదు. ఆయనకు బిల్లయ్యేది క్యూబిక్ మీటర్లలో, మీరు ఇచ్చింది గంటల్లో.

బండిని కిరాయికిచ్చే వ్యాపారానికి, పని జరిగే నాటికే, మైక్రో లేదా స్మాల్ సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? ఉంటే మీ చేతిలో గట్టి ఆయుధమే ఉంది. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం కింద, గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీగా. ఈ బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే మొదట రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (కోర్టు బయటి తీర్పు). ఆ తీర్పు (అవార్డు) మీద కోర్టుకు వెళ్లాలంటే ఆయన 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. పని అయిపోయాక ఇప్పుడు రిజిస్ట్రేషన్ తీసుకుని పాత బాకీకి వాడుకుందామనుకుంటే మాత్రం కౌన్సిల్‌లో మొదటి అభ్యంతరం దాని మీదే వస్తుంది.

ఉద్యమ్ లేకపోతే సివిల్ దావా. మీ బాకీ మూడు లక్షలు దాటింది కాబట్టి ఇది వాణిజ్య వివాదం కిందికి వస్తుంది. తక్షణ ఉత్తర్వులు అడగాల్సిన అవసరం లేకపోతే, దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. వెళ్లకుండా వేసిన దావా తిరస్కరణకు గురవుతుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. దీన్ని తంతుగా చూడకండి. శాఖలో వరసగా పనులు చేసుకునే కాంట్రాక్టర్‌కు కోర్టు రికార్డు ఇబ్బందే, చాలా బాకీలు ఈ బల్ల దగ్గరే తెగుతాయి. దావాకు ముందు ఇచ్చే నోటీసులో వడ్డీ కూడా అడగండి. రాతలో వడ్డీ మాట లేకపోయినా, వడ్డీ కోరుతూ ఇచ్చిన నోటీసు తేదీ నుంచి ఇప్పించే అధికారం 1978 నాటి వడ్డీ చట్టం కోర్టుకు ఇచ్చింది. జీఎస్టీ క్రెడిట్ వాడుకుని ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే, ఆ క్రెడిట్‌ను ఆయన వడ్డీతో సహా వెనక్కి కట్టాలన్నదీ ఒక వాక్యంలో గుర్తు చేయండి. ఈ వాక్యం చదివాక ఆయన ఆడిటరే ఆయనకు ఫోన్ చేస్తారు.

గడువు మూడేళ్లు, కిరాయి ఇవ్వవలసిన రోజు నుంచి. మధ్యలో ఎప్పుడైనా ఫోన్‌పేలో ఓ ఐదువేలు వేసినా, దాన్ని నమ్ముకుని కాలయాపన చేయవద్దు. గడువు కొత్తగా మొదలవ్వాలంటే అది తీరకముందే బాకీ ఒప్పుకుంటూ ఆయన సంతకంతో కాగితం కావాలి, లేదా పాక్షిక చెల్లింపుకు ఆయన చేతిరాతతోనో సంతకంతోనో రుజువు ఉండాలి.

ప్రశ్న: నేను తీసుకున్నవైపు మనిషిని. డ్రెయిన్ గట్టు పనికి రోలర్‌ను నెలకింత అని కిరాయికి తెచ్చాను. కాలువలకు నీళ్లు వదిలేశాక దారి తడిసి, రోలర్ 18 రోజులు గట్టు మీదే ఇరుక్కుంది. ఆ రోజులకూ కిరాయి కట్టాలట. న్యాయమేనా?
– ఒక కాంట్రాక్టర్, అమలాపురం

జవాబు: మీకు నచ్చకపోవచ్చు గానీ, ఎక్కువ భాగం కట్టవలసే వస్తుంది. నెల కిరాయి యంత్రం మీ ఆధీనంలో ఉన్నంతకాలం నడుస్తుంది. పని జరిగిందా లేదా అన్నది గంటల కిరాయిలో వచ్చే ప్రశ్న. ఊహించని విపత్తు అని తప్పించుకోవడానికీ వీల్లేదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారని డెల్టాలో అందరికీ తెలుసు, తేదీని శాఖ ముందే ప్రకటిస్తుంది. జులై, ఆగస్టుల్లో గోదావరి వరద లంకల మీదికి వచ్చి దారులు మునిగితే వాదనకు కొంత చోటుంటుంది. అప్పుడు కూడా ఒప్పందంలో ఏముందో ముందు చూడాలి.

మీకు కలిసొచ్చేది ఒక్కటే. 'పని అయిపోయింది, యంత్రం తీసుకెళ్లండి' అని మీరు ఏ రోజు రాతలో చెప్పారు? తీసుకెళ్లే బాధ్యత యజమానిదే అయి, దారి బాగున్నప్పుడే మీరు చెప్పినా ట్రైలర్ పంపక ఆయనే ఆలస్యం చేస్తే, ఆ తేదీ తర్వాతి రోజులు ఆయనవి. నోటిమాటగా చెప్పి ఉంటే ఫోన్ కాల్ తేదీలు, డ్రైవర్ మాట తప్ప రుజువు ఉండదు. బేరానికి దిగేముందు ఆపరేటర్ ఆ 18 రోజులూ అక్కడ ఉన్నాడా, వేరే బండి మీదకు వెళ్లాడా కనుక్కోండి. వెళ్లి ఉంటే ఆపరేటర్‌తో కలిపి వేసిన కిరాయిలోంచి అతని జీతం భాగం తగ్గించమనడం సబబే.

ప్రశ్న: ముగ్గురం వాటాలు వేసుకుని జేసీబీ కొన్నాం. సంస్థ పేరుతో బిల్లులు ఇస్తున్నాం గానీ భాగస్వామ్యం రిజిస్టర్ చేయించలేదు. రెండు లక్షల బాకీ రావాలి. దావా వేయవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: సంస్థ పేరుతో వేస్తే నిలబడదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ, తన ఒప్పందం మీద బయటివారి పైన దావా వేయలేదు. ఈ పొరపాటు ఎదుటివైపు వకీలు మొదటి వాయిదాలోనే పట్టుకుంటారు. మూడేళ్ల గడువు ఇంకా ఉంటే, ముందు రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర సంస్థను, దావా వేసే భాగస్వాముల పేర్లను నమోదు చేయించండి. నమోదు అయ్యాకే దావా వేయండి, వేసి తర్వాత చేయిస్తే కుదరదు.

ప్రశ్న: కిరాయికి ఇచ్చిన చెక్కు బౌన్సయింది. ఎన్నాళ్లు ఆగవచ్చు? చెక్కు ఇచ్చిన కాంట్రాక్టర్ బిల్లు ఆపమని ఇరిగేషన్ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కి) లెటర్ పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, మలికిపురం

జవాబు: ఆగకండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. వచ్చే నెల ఇస్తానన్న మాట మీద ఈ తేదీలు దాటనివ్వడం వల్లే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఒక దారి ఉంది: చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు అయితే మళ్లీ బ్యాంకులో వేయవచ్చు, మళ్లీ తిరిగొస్తే 30 రోజులు కొత్తగా మొదలవుతాయి. 'స్టాప్ పేమెంట్' అని వెనక్కి వచ్చినా ఇదే పద్ధతి వర్తిస్తుంది. మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధి కోర్టులోనే కేసు వేసుకోవచ్చు.

ఈఈకి లెటర్ పెట్టవచ్చు గానీ, దాని మీద బిల్లు ఆపే బాధ్యత ఆయనకు లేదు. బిల్లును పట్టుకునేది కోర్టు ఉత్తర్వే. ఆ కాంట్రాక్టర్ ఆస్తులు అమ్మేసి తప్పించుకునే ప్రయత్నంలో ఉన్నారని ఆధారాలు చూపగలిగితే తీర్పుకు ముందే జప్తు అడగవచ్చు. కోర్టు డిక్రీ (బాకీ కట్టమన్న తీర్పు ఉత్తర్వు) వచ్చాక అయితే శాఖ దగ్గరున్న ఆయన బిల్లు సొమ్మును, విడుదల కావలసిన సెక్యూరిటీ డిపాజిట్‌ను జప్తు చేయించవచ్చు. అందుకు ఆ పని పేరు, అగ్రిమెంటు నంబరు, డివిజన్ తెలిసి ఉండాలి. అవి సమాచార హక్కు దరఖాస్తులో దొరుకుతాయి. కేసు వేసే రోజే ఆ దరఖాస్తు కూడా పెట్టండి.