ఓడలకు బ్రేకులు ఉండవు

"వేల మైళ్ల సముద్రాన్ని సొంతంగా దాటి వచ్చిన ఓడను రేవు ముందు టగ్గులనే చిన్న లాగుడు పడవలు లాగడం ఎందుకు? ఇన్ని కంప్యూటర్లు వచ్చాక కూడా అవి అవసరమా?" అని అడిగారు. అవసరమే. ఒక్క మాటతో ముగించవచ్చు కానీ, అడగక అడగక ఓడల పిచ్చి ఉన్నవాడిని అడిగారు. కాస్త ఓపిక పట్టండి.

నడిసముద్రంలో ఓడకు పెద్ద భయం లేదు. భయమంతా నేల దగ్గరే. చుక్కాని పనిచేయాలంటే దాని మీదుగా నీరు వేగంగా పారాలి. వేగం తగ్గిందంటే అది ఉత్త ఇనుప రేకు. రేవులోకి వచ్చేటప్పుడు వేగం తగ్గించక తప్పదు. అంటే చుక్కాని సరిగ్గా కావలసిన చోటే చేతులెత్తేస్తుంది. ఇంజను సంగతి ఇంకా విచిత్రం. పెద్ద సరుకు ఓడల్లో ఎక్కువ భాగానికి గేరు పెట్టె ఉండదు, ఇంజను నేరుగా ప్రొపెల్లరునే తిప్పుతుంది. వెనక్కి వెళ్లాలంటే ఇంజనును పూర్తిగా ఆపి, సంపీడన గాలితో తిరగదిప్పి మళ్లీ స్టార్టు చేయాలి. ఆ గాలి సీసాలు మళ్లీ నింపకుండా ముందుకీ వెనక్కీ మార్చి మార్చి కనీసం 12 సార్లు స్టార్టు చేయగలగాలని నిబంధన. నిబంధనే ఉందంటే, అది ఒక్కోసారి మొరాయిస్తుందని పెద్దలకు ముందే తెలుసన్నమాట.

అది మొరాయించిన రాత్రి నేను టగ్గు మీదే ఉన్నాను.

మా మేనమామ టగ్గులో ఇంజను డ్రైవరు. ఎన్నేళ్లుగానో బతిమాలితే, ఎవరి కాళ్లకీ అడ్డం పడనని మాట తీసుకుని ఒక రాత్రి ఎక్కించారు. ఆ రాత్రి వచ్చినది బొగ్గు నింపుకొన్న ఓడ. పొడవు 225 మీటర్లు, సరుకుతో కలిపి బరువు దాదాపు 80 వేల టన్నులు. ఒక టగ్గు ఓడ ముందు భాగంలో పక్కన చేరింది. మాది వెనుక, అమరం కింద. అక్కడి నుంచి పైకి చూస్తే ఓడ ఉండదు, ఆకాశం ఉండదు, నల్లటి ఇనుప గోడ ఒక్కటే ఉంటుంది. ప్రొపెల్లరు నీటిని చిలుకుతున్న చప్పుడు చెవులకు కాదు, అరికాళ్లకు వినిపిస్తుంది.

ఇక్కడ నా కోపం ఒకటి వెళ్లగక్కాలి. ఓడను లాగే లావుపాటి మోకు అందుకోవడానికి ముందు ఓడవాళ్లు పైనుంచి సన్నని తాడు విసురుతారు. అది దూరంగా పడాలని కొసన తాడుతోనే ఉండలాంటి ముడి వేస్తారు. కొందరు మహానుభావులు ఆ ముడి లోపల ఇనుప బోల్టో సీసపు ముక్కో దాచిపెడతారు. అంత ఎత్తు నుంచి అది కళాసీ తల మీద పడితే ఏమవుతుందో వాళ్లకు పట్టదు. ఆ రాత్రి పడినది మా డెక్కు మీద, "ఠంగు"మని. తాడు ముడికి ఆ చప్పుడు రాదు. టగ్గు నడిపే సరంగు గారు చాకు తెప్పించి ముడిని కోయించి, అందులోని బోల్టును జేబులో వేసుకున్నారు. "ఇలాంటివి ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి బాబూ" అన్నారు. ఓడలో ఉన్న రాడార్లను పొగిడేవాళ్లు ఆ డబ్బాను ఒకసారి చూడాలి.

సరే, మోకు తగిలించాం. ఓడ రెండు నాట్ల వేగంతో జెట్టీ వైపు జరుగుతోంది. ఓడను రేవులోకి దారి చూపి తెచ్చే పైలట్ ఓడ మీద నుంచి ఇంజను వెనక్కి తిప్పమన్నట్టు రేడియోలో వినబడింది. గోడ కింద నీళ్లు కదలలేదు. కొన్ని క్షణాల తర్వాత గాలి బుస్సుమన్న చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. రెండో ప్రయత్నం కూడా అంతే. పైలట్ గొంతు పెరగలేదు, కాస్త తగ్గింది. "వెనుక టగ్గు, పూర్తి బలంతో లాగండి." సరంగు గారు ఒక్క కూత వేశారు. అర్థమైందని జవాబు అదే.

మా టగ్గుకు కింద రెండు ప్రొపెల్లర్లు, రెండూ 360 డిగ్రీలు తిరిగేవే. వాటిని తిప్పి లాగడం మొదలుపెట్టగానే నీళ్లలో వేలాడుతున్న మోకు బిగిసి పైకి లేచింది. దాని పోగుల్లోంచి నీళ్లు పిండినట్టు చిమ్మాయి. టగ్గు ఒక పక్కకు ఒరిగింది. బల్ల మీది గ్లాసు జారి నా మోకాలికి తగిలింది. నేను పట్టుకోలేదు, రెండు చేతులూ కమ్మీని పట్టుకుని ఉన్నాయి. మోకు పక్కకు లాగితే టగ్గే బోల్తా పడుతుందనీ, ఇలా పోయిన టగ్గులు చాలా ఉన్నాయనీ అంతకు ముందు గంటసేపు నేనే మామయ్యకు చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

తర్వాత ఇంట్లో లెక్క వేశాను. 80 వేల టన్నులు, రెండు నాట్లు అంటే సెకనుకు మీటరుకు కాస్త ఎక్కువ, మా టగ్గు లాగుడు 60 టన్నులు. ఆ ఓడ ఆగడానికి రెండుంపావు నిమిషాలకు పైగా, 70 మీటర్ల దూరం కావాలి. నీటి రాపిడినీ గాలినీ లెక్కలోకి తీసుకోలేదు. మాకు ఉన్న దూరం ఎంతో నేను అడగలేదు. ఓడ ఆగింది. ఆగాక, మూడో ప్రయత్నంలో, దాని ఇంజను తీరిగ్గా స్టార్టయింది.

అందుకే 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడ కరెంటు పోయి వంతెనను ఢీకొట్టిందని విన్నప్పుడు నేను మొదట వెతికినది టగ్గుల గురించే. జెట్టీ నుంచి బయటికి తీసిన రెండు టగ్గులూ అప్పటికే వెళ్లిపోయాయి. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. వంతెన దాటేదాకా ఒక్క టగ్గును కట్టి ఉంచితే ఆ ప్రమాదం తప్పేదని నా గట్టి నమ్మకం. ఆ వేగంలో టగ్గు ఏమీ చేయలేదని వాదించేవాళ్లతో నాకు పేచీ ఉంది, ఉంటుంది. 2021లో సూయజ్ కాలువలో 400 మీటర్ల ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంటే, ఒడ్డు తవ్విన చిన్న యంత్రం బొమ్మ లోకమంతా తిరిగింది. చివర్లో పౌర్ణమి పోటుకు పేరు వచ్చింది. ఆల్ప్ గార్డ్, కార్లో మాన్యో అన్న రెండు టగ్గుల పేర్లు ఎంతమందికి తెలుసు? చంద్రుడు నీళ్లు ఎత్తాడు, కాదనను. లాగినది చంద్రుడు కాదు కదా.

ఈ చిన్నచూపు కొత్తది కాదు. ట్రాఫాల్గర్ సముద్ర యుద్ధంలో పోరాడిన టెమెరేర్ యుద్ధనౌకను 1838లో విడగొట్టడానికి టగ్గులు లాక్కెళ్లాయి. చిత్రకారుడు టర్నర్ దానిని గీస్తూ, అప్పటికే తీసేసిన తెరచాప స్తంభాలను ఓడకు తిరిగి నిలబెట్టాడు, రెండు టగ్గుల్లో ఒకదాన్ని మాయం చేశాడు. మిగిలినదానికి నల్లటి ఒళ్లు, పొగ. అందం ఎవరిదో, పని ఎవరిదో చూడండి.

ఓడ ముక్కు దగ్గర అడ్డంగా తోసే థ్రస్టర్లు ఉంటాయి కదా అంటారేమో. విహార నౌకలకు ఉంటాయి, అవి గాలి లేని రోజున ఎవరి సాయమూ లేకుండా జెట్టీకి అంటుకుంటాయి, జనం ఫోన్లు ఎత్తి చప్పట్లు కొడతారు. బొగ్గు మోసే ఓడలకు చాలావాటికి అవి ఉండవు. ఉన్నవి కూడా ఓడ కాస్త వేగంగా కదులుతుంటే పెద్దగా పనిచేయవు.

ఆ తెల్లవారుజామున మోకు విప్పి వెనక్కి వస్తుంటే, నోటు పుస్తకంలో రాసుకున్న ఓడ పేరు సరిగా ఉందో లేదో చూసుకుందామని సరంగు గారిని అడిగాను. ఆయన ఆలోచించారు. ఓడ పేరూ, నమోదైన రేవు పేరూ అమరం మీదే పెద్ద అక్షరాలతో ఉంటాయి. రెండు గంటలు వాటి కిందే ఉన్నాం.

"పేరు చూడలేదు బాబూ" అన్నారు. "మోకు పోయే కంత ఉంది చూశారా, దానికి ఎడమవైపు తుప్పు పెచ్చులు లేచాయి. మళ్లీ వచ్చేలోపు గీకించకపోతే మన మోకు కోసుకుపోతుంది."